లెక్కకు రాని గంటలు



యెహోవా సాక్షులు ఇంటింటికి తిరిగిన గంటలను వ్రాసి యిచ్చుట 1920 మొదలు నియమముగా నుండెను. 2023 నవంబరు నుండి సాధారణ సభ్యులకు ఆ నియమమును తీసివేసిరి. వారి బోధతో మనము ఏకీభవింపము. అయినను నవ్వుకొనవలసిన సంగతి కాదిది. ఎన్ని గృహములు, ఎన్ని కరపత్రములు అని లెక్క అడుగుట మన కూటములలోను ఉన్నదే.

2021 మే మాసములో కోవిడ్ రెండవ అల ముమ్మరముగా నున్నప్పుడు, పేరుపెట్టి పిలిచినను గృహదర్శనమునకు కదలని మన యౌవనస్థులే, ఎవరును పిలువకుండ, జబ్బుపడిన యిండ్ల గుమ్మముల యొద్ద అన్నపు క్యారేజీలు పెట్టి వచ్చిరి. ఏ మతమని అడుగలేదు. ఆక్సిజన్ సిలిండర్ల కొరకు రాత్రులు మోటారు సైకిళ్లపై తిరిగిరి. అయినవారే శవమును ముట్టుటకు జంకిన చోట కిట్లు తొడుగుకొని సమాధి వరకు మోసిరి. ఎన్ని గంటలు పనిచేసితివని ఒకనిని మేమడిగితిమి.

“వాచీ చూసుకోలేదండి అయ్యగారూ” అనెను. గృహదర్శనములో మాటిమాటికి వాచీ చూచుకొనువాడు ఇతడే!

వాక్యము చెప్పనక్కరలేదని మేమనుట లేదు. ఆ యిండ్లలో కొందరు తరువాత తామే కబురంపి ప్రార్థన చేయుమనిరి. కొందరు పిలువలేదు, క్యారేజీలు మాత్రము శుభ్రముగా కడిగి పంపిరి.