ఏడు రాత్రుల భోజనము

(ఉగాది సందర్భమున షోలాపూరులో మన సంఘము మహిళా శాఖ పక్షాన చదివిన ప్రసంగ పాఠము)



మమ్ములను వంటను గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. సాహిత్యమును గురించి, సంఘ చరిత్రను గురించి ప్రసంగించిన పెద్దల తరువాత లేచి పప్పూ చారూ మాట ఎత్తడానికి మొదట జంకినాము. తరువాత ఆలోచించి చూడగా, మన పిల్లలలో చాలామందికి తెలుగు మిగిలినది కంచము ముందు మాత్రమే అని తోచింది. బడిలో మరాఠీ, ఇంగ్లీషు. వీధిలో మరాఠీ, హిందీ. ఇంట్లో రాత్రి భోజనమువేళ "ఇంకొంచెము వేయనా?" "చాలమ్మా" అన్న రెండు మాటలు ఇంకా తెలుగులో నడుస్తున్నవి. ఆ రెండు మాటలను కాపాడుకొనే ఉద్దేశముతోనే ధైర్యము చేసి ఇక్కడ నిలబడినాము.

మన తాతముత్తాతలు కరీంనగరు, వరంగల్లు, నల్లగొండ ప్రాంతములనుండి మగ్గము పని వెతుక్కుంటూ ఈ ఊరికి వచ్చినారు. వారు విడిచి వచ్చిన నేల ఆనాడు నిజాము రాజ్యము. 1956లో అది ఆంధ్రప్రదేశ్‌లో చేరినది. 2014లో తెలంగాణ రాష్ట్రమైనది. మనమున్న ఈ నేల బొంబాయి రాష్ట్రములో ఉండి 1960లో మహారాష్ట్రమైనది. ఇన్ని పేర్లు మారినా మన వంటింట్లో పచ్చిపులుసు పేరు మారలేదు. అయితే అది వండగలిగిన చేతులు మాత్రము ఏటేటా తగ్గిపోతున్నవి. అదే మా దిగులు.

కిందటి ఉగాది వెళ్ళిన తరువాత మేము పన్నెండు ఇళ్ళవాళ్ళము ఒకచోట కూర్చున్నాము. మాలో బీడీలు చుట్టేవారున్నారు, బట్టలు కుట్టేవారున్నారు, ఆఫీసు ఉద్యోగాలకు వెళ్ళేవారున్నారు. అందరి బాధా ఒకటే. దీపాలు పెట్టేవేళకు ఇల్లు చేరి, చేతిసంచి దించకముందే "ఈ రాత్రికి ఏమి వండాలి?" అన్న ప్రశ్న ఎదురవుతుంది. అలసిన మనిషికి ఆలోచన సాగదు. అంగడినుండి ఏదో తెప్పించుకొని ఆ పూట గడుపుకుంటాము. అట్లా కొన్ని నెలలు గడిస్తే అత్తగారి వంటలు అత్తగారితోనే పోతవి.

అందుచేత ఒక ఏర్పాటు చేసుకున్నాము. ఒక్కొక్క ఇల్లు ఒక వారము రాత్రి వంటలు కొలతలతో సహా వ్రాయాలి. ఆ వంటను మరి మూడు ఇళ్ళలో వండి చూడాలి. మూడు చోట్లా కుదిరితేనే మా పుస్తకములో చోటు. గ్లాసు అన్నచోటల్లా 200 మిల్లీలీటర్లు పట్టే స్టీలు గ్లాసు అని, కొలతలు నలుగురైదుగురికి అని గ్రహించాలి. ఆ విధముగా నిలిచిన ఒక వారమును ఇప్పుడు మీ ముందు వడ్డిస్తున్నాము.

సోమవారము జొన్నరొట్టె, పుంటికూర పప్పు. ఈ జిల్లాలోని మంగళవేఢ జొన్నకు 2016లో భౌగోళిక గుర్తింపు లభించినది. 2023వ సంవత్సరమును ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరముగా జరిపినది. మన అవ్వలు ఏ గుర్తింపు కొరకూ ఎదురు చూడకుండా రోజూ రొట్టె కొడుతూనే వచ్చినారు. గోధుమపిండికి ఉన్న సాగుడు జొన్నపిండికి లేదు. అందుకే మరిగే నీళ్ళు పోయాలి. రెండు గ్లాసుల పిండికి సుమారు గ్లాసున్నర నీళ్ళు. గరిటెతో కలిపి, మూతపెట్టి, చేయి పట్టేటంత చల్లారిన తరువాత ఒక్కొక్క రొట్టెకు సరిపడా ముద్ద తీసుకొని అరచేతి మడమతో బాగా మెదపాలి. పెనముమీద వేసినాక పైన తడిచేత్తో నీళ్ళు రాసి, ఆ తడి ఆరగానే తిప్పాలి. పిండి పట్టించి పదిహేను రోజులు దాటితే జిగి తగ్గి అంచులు చీలుతవి, చేదు కూడా తగులుతుంది. నెలకు సరిపడా ఒక్కసారే పట్టించడము లాభమనిపిస్తుంది గాని రొట్టె ఒప్పుకోదు.

పుంటికూర పప్పులో మేము చేసిన పొరపాటు చెప్పుకోవడానికి సిగ్గుపడము. తొందరలో పప్పూ ఆకూ కలిపి ఒకేసారి కుక్కరులో పెట్టినాము. ఆరు కూతలు వచ్చినా పప్పు పలుకుగానే ఉన్నది! పులుపు తగిలితే పప్పు మెత్తబడదన్న సంగతి మా పెద్దలకు తెలుసు, మేము అడగలేదు. గ్లాసు కందిపప్పును పసుపు వేసి విడిగా ఉడికించండి. రెండు కట్టల ఆకును ఆరు పచ్చిమిరపకాయలతో నూనెలో మగ్గించి, ఉడికిన పప్పులో కలిపి, ఎల్లిపాయ, జీలకర్ర, ఎండుమిరపతో పోపు పెట్టండి. మా ఇళ్ళలో ఒకదానిలో ఈ ఆకును నాయనమ్మ పుంటికూర అంటుంది, గుంటూరునుండి వచ్చిన కోడలు గోంగూర అంటుంది, పిల్లవాడు అంబాడి అంటాడు. ముగ్గురూ ఒకే గిన్నెలోనుండి వడ్డించుకుంటారు.

మంగళవారము గుత్తివంకాయ. అరకిలో లేత వంకాయలు, అర గ్లాసు పల్లీలు, రెండు చెంచాల నువ్వులు, ఒక చెంచా ధనియాలు, చిన్న ఎండుకొబ్బరి ముక్క, తగినంత ఉప్పూ కారమూ, నిమ్మకాయంత చింతపండు. అన్నీ ఒకేసారి మూకుడులో వేయవద్దు. పల్లీ వేగేలోగా నువ్వు మాడిపోతుంది. మాడిన నువ్వు కూర మొత్తాన్ని చేదు చేస్తుంది. కోసిన వంకాయలను ఉప్పు నీళ్ళలో వేస్తే నల్లబడవు. పక్కింటి మరాఠీ వదినగారు ఇదే కాయను పల్లీపొడి, గోడా మసాలా, బెల్లముతో కూరుతారు. మా గిన్నె అటు, వారి గిన్నె ఇటు ఎన్నాళ్ళనుండో నడుస్తున్నవి. ఖాళీ గిన్నె తిరిగి పంపడము రెండిళ్ళలోనూ మర్యాద కాదు.

బుధవారము మజ్జిగ పులుసు, బెండకాయ వేపుడు. మజ్జిగలో కొంచెము సెనగపిండి కలిపి, సన్నని సెగమీద కలుపుతూ ఉంటే విరగదు. గురువారము పప్పుచారు, అప్పడము. వీటికి ఇంతకంటె వివరణ అక్కరలేదు.

శుక్రవారము సర్వపిండి. ఇది మన ఊళ్ళనుండి మనతోనే వచ్చిన వంట. రెండు గ్లాసుల బియ్యప్పిండిలో నానిన సెనగపప్పు, దంచిన పల్లీలు, నువ్వులు, ఉల్లిపాయ, కరివేపాకు, పచ్చిమిరప, ఉప్పు వేసి గట్టిగా తడపాలి. నూనె రాసిన గంజు లోపల పలుచగా అద్ది, వేలితో అక్కడక్కడ గుంటలు పెట్టి, ఆ గుంటలలో నూనె చుక్కలు వేసి, మూతపెట్టి సన్న సెగమీద ఉంచాలి. ఒక వైపే కాలుతుంది, తిప్పనక్కరలేదు. రెండవది అద్దేముందు గంజును బోర్లించి వీపుమీద నీళ్ళు పోసి చల్లార్చుకోవాలి. వేడి గంజులో పిండి అంటదు, వేళ్ళు మాత్రము కాలుతవి. ఈ పని పిల్లలకు అప్పగించినాము. గుంటలు పెట్టడానికి వారిలో వారికే పోటీ.

ఆదివారము వంట మగవారిదని తీర్మానించినాము. కోడికూర గాని, శాకాహారుల ఇళ్ళలో ఆలుగడ్డ కూర గాని వారి ఇష్టము. మొదటి ఆదివారము ఒక ఇంట్లో తండ్రి ఒకసారి, కొడుకు ఒకసారి ఉప్పు వేసినారట. నాలుగవ ఆదివారమునాటికి ఆ ఇంట్లోనే రెండవసారి వడ్డించమని అడిగినారు. పగలంతా పనిచేసి వచ్చిన స్త్రీ వారానికి ఒక రాత్రి వడ్డించుకొని కూర్చుండి తినడము గొప్ప కోరికేమీ కాదు గదా!

శనివారమును చివరకు ఉంచినాము. కారణము ఉన్నది.

శనివారము పెసరపప్పు కిచిడి, పచ్చిపులుసు. మా సభ్యురాలొకరి అత్తగారు నలభై ఏళ్ళు బీడీలు చుట్టి సంసారమును నిలబెట్టిన మనిషి. అక్షరము రాదు. ఆమె పచ్చిపులుసు వాడలో అందరికీ తెలుసు. కొలత అడిగితే, "సోలలు గీలలు నాకు తెల్వయి బిడ్డా. నోట్లె ఏసుకోని చూడు, నీకే తెలుస్తది" అనేది. ఆమె మనుమరాలు మరాఠీ బడిలో పదవ తరగతి చదువుతున్నది. ఆ పిల్ల ప్రతి శనివారము అవ్వ పక్కన కూర్చుండి, అవ్వ గుప్పిట్లోనుండి పడబోయేదానిని ముందు గ్లాసులోనో చెంచాలోనో పట్టి కొలిచి, తరువాత గిన్నెలో పడనిచ్చేది. అవ్వ విసుక్కునేది, నవ్వేది.

తేలినది ఇది. నిమ్మకాయంత చింతపండు, మూడు గ్లాసుల చన్నీళ్ళు. నాలుగు ఎండుమిరపకాయలు నిప్పుమీద కాల్చి ఉప్పుతో నలపాలి. ఒక పెద్ద ఉల్లిపాయ సన్నగా తరిగి చేత్తో పిసకాలి. వేయించిన నువ్వుల పొడి రెండు చెంచాలు, చిన్న బెల్లము ముక్క, కొత్తిమీర. పైన ఆవాలు, జీలకర్ర, కరివేపాకు పోపు. పొయ్యిమీద పెట్టనే కూడదు. పోపు తప్ప వేడి తగలదు గనుకనే దానికి ఆ పేరు.

కిందటి కార్తీకములో ఆ అవ్వ కాలము చేసినది.

పుస్తకము అచ్చు వేయడానికి వ్రాతలన్నీ పోగు చేసినప్పుడు చూస్తే, ఆ పిల్ల నోటుబుక్కులో మాటలన్నీ తెలుగే. అక్షరాలు మాత్రము మరాఠీవి. ఆ పిల్లకు తెలుగు వ్రాయడము రాదు. దానిమీద మాలో పెద్ద వాదమే జరిగినది. తెలుగు సంఘము పుస్తకము తెలుగు లిపిలో లేకపోతే ఇక సంఘమెందుకని కొందరము పట్టుపట్టినాము. తెలుగులో అచ్చువేస్తే మా ఇంట్లో చదివేవారెవరని కొందరము అడిగినాము. రెండు సమావేశాలు ఇట్లాగే గడిచినవి. మూడవనాడు ఆ పిల్ల తల్లి నోటుబుక్కు మా మధ్య పెట్టి, "ఈ అక్షరాలు లేకుంటే ఇవాళ మా ఇంట్ల పచ్చిపులుసు లేదు" అన్నది. ఎవరమూ బదులు చెప్పలేకపోయినాము. తెలుగు నేర్పనిది మేము. నేర్చుకోలేదని పిల్లను తప్పుపట్టడము న్యాయము కాదు.

చివరకు ఒక పుటలో తెలుగు లిపి, ఎదుటి పుటలో అదే తెలుగు మాట నాగరి లిపి అని నిశ్చయించినాము. దానితోపాటు పిల్లలకు ఒక షరతు పెట్టినాము. ప్రతి శనివారము ఒక వంట పేరు తెలుగులో వ్రాయడము నేర్చుకోవాలి. మొదటి మాట పచ్చిపులుసు. ఆ ఒక్క మాటలోనే ప, చ, ల, స అక్షరాలు, ఇకారము, ఉకారము, చ ఒత్తు అన్నీ వచ్చేస్తవి. ఇంతకంటె మంచి తొలి పాఠము మాకు దొరకలేదు. ఆ పిల్ల వ్రాసిన మొదటి మాటను వాళ్ళ అమ్మ వంటింటి గోడకు అంటించినది.

ఈనాడు మనకు ఉగాది, పక్కింటివారికి గుడీపాడ్వా. వేపా బెల్లమూ రెండిళ్ళలోనూ నోట పడతవి. మనము బచ్చాలు అంటాము, వారు పూరణ్ పోళీ అంటారు. ఆ పప్పు ఉడికిన కట్టుతో మనము చారు కాస్తాము, వారు కటాచీ ఆమ్టీ చేస్తారు. ఇచ్చి పుచ్చుకోవడములో మనకు లోటు జరగలేదు. లోటు జరిగితే అది మన ఇంట్లో, పెద్దలను అడగకపోవడమువల్లనే జరుగుతుంది.

కనుక మేము కోరేది ఒక్కటే. ఇంటికి వెళ్ళినాక మీ ఇంట్లో అందరికంటె పెద్దవారి పక్కన ఒక గ్లాసు, ఒక చెంచా, ఒక నోటుబుక్కు పట్టుకొని కూర్చోండి. ఏ అక్షరాలు వస్తే ఆ అక్షరాలలోనే వ్రాయండి. వచ్చే ఉగాదికి ఒక్కొక్క ఇంటినుండి ఒక్కొక్క వంట తీసుకొని రండి. లిపి సంగతి శనివారాలు చూసుకుంటవి.

అందరికీ నూతన సంవత్సర శుభాకాంక్షలు. బచ్చాలు చల్లారకముందే సెలవు తీసుకుంటున్నాము. నమస్కారము.