బంతి లేపి ఇచ్చినవాడు

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)

 

నిర్వాహకులు నన్ను ‘మన బడి – ఆటలు’ అనే విషయం మీద పది నిమిషాలు మాట్లాడమన్నారు. బడి ఆటల చరిత్రంతా చెప్పగలిగినవాళ్లు ఈ సభలో నాకంటే పెద్దలు ఉన్నారు. నాకు దగ్గరగా తెలిసింది ఒక్క ఆటగాడి జీవితం. ఆయన మా అమ్మకు తమ్ముడు, నాకు చిన్నమామ. మన బడిలోనే చదివాడు. వాలీబాల్ ఆడి, ఆ ఆటతోనే ఉద్యోగం తెచ్చుకొని, ఆ ఆటతోనే బతికాడు. పేరు మాత్రం చెప్పవద్దని మామ ముందే షరతు పెట్టాడు. చెప్పకపోయినా ఆయన బ్యాచ్ వాళ్లకు ఎలాగూ తెలుస్తుంది.

మామ వాలీబాల్‌ను మొదట చూసింది మన ఊళ్లో కాదు, నాగార్జునసాగర్‌లో. 1955 డిసెంబర్ 10న నెహ్రూ గారు శంకుస్థాపన చేసిన తర్వాత ఆ డ్యామ్ పనికి మన చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఎన్ని కుటుంబాలు పోయాయో ఇక్కడి పెద్దలకు తెలుసు. మా తాత కూడా రాయి పనికి పోయాడు. పగలంతా డ్యామ్ మీద పని, సాయంత్రం కాలనీలో స్టాఫ్ వాళ్ల వాలీబాల్. కోర్టు బయటికి పోయిన బంతి తెచ్చి ఇవ్వడం ఎనిమిదేళ్ల మామకు దొరికిన మొదటి పదవి. బంతి తెచ్చి ఇచ్చినందుకు ఎవరైనా ఒకసారి దాన్ని కొట్టనిస్తే ఆ రాత్రి నిద్ర పట్టేది కాదట. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ గారు కాల్వలకు నీళ్లు వదిలారు. కాల్వ నీళ్లు మన పొలాలకు వచ్చాయి, మా తాత ఇంటికి వచ్చాడు, మామ మన బడికి వచ్చాడు.

అప్పటి మన గ్రౌండ్ గురించి ఈ కాలం పిల్లలకు చెప్పాలి. రెండు సర్వి కట్టెలు పాతి, మధ్యన వల కట్టేవాళ్లు. ఆ వల కూడా వాగులో చేపలు పట్టేవాళ్ల దగ్గర అడిగి తెచ్చిన పాత వల. గీతలకు సున్నం. బంతి తోలుది, లోపల బ్లాడర్. గాలి పోతే సైకిల్ షాపుకు, కుట్టు ఊడితే చెప్పులు కుట్టే ఆయన దగ్గరికి. వానకు తడిస్తే దాని బరువుకు వేళ్లు వాచేవి.

మామకు ఎత్తు తక్కువ. వల మీదికి ఎగిరి షాట్ కొట్టాలని ఆయనకు ఎంత ఆశ ఉన్నా చేయి అందేది కాదు. మా డ్రిల్లు సారు ఒకనాడు పిలిచి, “నువ్వు కొట్టకు, లేపు” అన్నారట. వల దగ్గర నిలబడి, కొట్టేవాడికి అనుకూలంగా బంతిని పైకి లేపి ఇవ్వడం. ఇప్పుడు దాన్ని సెట్టర్ అంటున్నారు. వాలీబాల్‌లో ఒక జట్టు బంతిని మూడుసార్లే తాకవచ్చు. మొదటిది కాపాడుకోవడానికి, మూడోది కొట్టడానికి, మధ్యలోది సెట్టర్‌ది. బంతిని పట్టుకోకూడదు, ఆపకూడదు. రెండు చేతుల వేళ్లు ఒకేసారి తాకాలి. కొంచెం ముందూ వెనకా అయితే రిఫరీ విజిల్ వేస్తాడు. మామ ఆ విద్య కోసం మన బడి వెనక గోడకు రోజూ బంతి కొట్టి, తిరిగి వచ్చినదాన్ని వేళ్లతో లేపి, మళ్లీ గోడకు కొట్టేవాడు. ఆ గోడకు సున్నం నిలిచేది కాదని అప్పటి హెడ్‌మాస్టర్ గారు కోప్పడేవారని మా అమ్మ చెప్పేది.

మంచి షాట్ పడితే జనం కొట్టినవాడికే చప్పట్లు కొడతారు. లేపినవాణ్ని చూసేవాళ్లు తక్కువ. ఆ సంగతి మామకు పదిహేనేళ్లకే తెలుసు.

బడి జట్టు నుంచి జిల్లా జట్టుకు, అక్కడి నుంచి హైదరాబాద్‌కు పోయాడు. 1976లో ఒక ప్రభుత్వ శాఖ ఆయనను ఆటగాడిగా ఉద్యోగంలో తీసుకుంది. ఆ శాఖ పేరు ఇక్కడ అవసరం లేదు. మా ఇంట్లో సర్కారు జీతం తెచ్చుకున్న మొదటి మనిషి మామే. మొదటి జీతంతో మా అమ్మమ్మకు గద్వాల చీర, ఇంటికి రేడియో తెచ్చాడు.

ఇక్కడ ఒక మాట వివరంగా చెప్పాలి. ప్రొఫెషనల్ ఆటగాడు అంటే ఆటకే జీతం తీసుకునేవాడు. అమెరికాలో బేస్‌బాల్ అట్లాగే నడుస్తుంది. 2008లో మన దేశం నుంచి రింకూ సింగ్, దినేశ్ పటేల్ అనే ఇద్దరు కుర్రవాళ్లతో పిట్స్‌బర్గ్ పైరేట్స్ జట్టు ఒప్పందం చేసుకుంది. బల్లెం విసిరే చేతులతో బేస్‌బాల్ విసరడం నేర్చుకున్న పిల్లలు వాళ్లు. దినేశ్‌ను 2010లోనే పంపించేశారు. అక్కడ ఆట బాగుంటే జీతం, ఆట పోతే ఇంటికి. మన దగ్గర మామ కాలంలో వాలీబాల్‌కు అట్లాంటి లీగ్ లేదు. మన ప్రొఫెషనల్ అంటే స్పోర్ట్స్ కోటా ఉద్యోగే. రైల్వే, పోలీసు, పెద్ద పెద్ద ఫ్యాక్టరీలు జట్లు పెట్టి ఆటగాళ్లను పోషించాయి. తెల్లవారుజామున ప్రాక్టీసు, పదిన్నరకు రిజిస్టర్‌లో సంతకం, సాయంత్రం మళ్లీ ప్రాక్టీసు. హోదా గుమాస్తా, పని మాత్రం ఆట.

ఆట ఒక్కటే నమ్ముకొని విదేశంలో జీతం తెచ్చుకున్న మన వాలీబాల్ ఆటగాడు అంటే మామ తరానికి ఒక్కటే పేరు, జిమ్మీ జార్జ్. కేరళలో కన్నూరు జిల్లా పేరావూరు ఆయన ఊరు. ఎనిమిది మంది అన్నదమ్ములూ వాలీబాల్ ఆటగాళ్లే. 1982లో ఇటలీ పోయి అక్కడి క్లబ్బుల్లో ఆడాడు. 1987 నవంబర్ 30న అక్కడే కారు ప్రమాదంలో చనిపోయాడు. అప్పటికి ముప్పై మూడేళ్లు కూడా నిండలేదు. ఆ వార్త వచ్చిన రోజు మామ అన్నం ముట్టలేదని అత్తమ్మ ఇప్పటికీ చెబుతుంది.

నేను 1980లో సెలవులకు హైదరాబాద్ పోయి మామ ఆట చూశాను. అప్పటి పాయింట్ల పద్ధతి వేరు. సర్వీస్ చేసిన జట్టు గెలిస్తేనే పాయింట్, లేకపోతే సర్వీస్ మాత్రమే అవతలికి పోయేది. సెట్ పదిహేనుకు. ఒక్క పాయింట్ పెరగకుండా పది నిమిషాలు గడిచేవి. 1990ల చివర్లో నిబంధనలు మారి, ప్రతి బంతికీ పాయింట్ వచ్చి, సెట్ ఇరవై ఐదుకు అయింది. అప్పటి ఆటలో ఓపిక ఎక్కువ కావాలి, మోకాళ్లు కూడా గట్టివి కావాలి. మట్టి కోర్టుల మీద, సిమెంటు కోర్టుల మీద రోజుకు ఎన్ని వందలసార్లు వంగి లేచాడో లెక్క లేదు.

1988లో మామ కుడి మోకాలు పోయింది. కట్టు కట్టారు, విశ్రాంతి అన్నారు. మా అమ్మమ్మ పసుపు, సున్నం పట్టు వేసింది. మళ్లీ ఎగరలేకపోయాడు. ముప్పై నాలుగేళ్లకు ఆట అయిపోయింది, ఉద్యోగం ఇంకా ఇరవై నాలుగేళ్లు మిగిలింది.

అసలు కష్టం అప్పుడు మొదలైంది. ప్రమోషన్‌కు శాఖాపరమైన పరీక్షలు రాయాలి. ఆ పరీక్షలు జరిగిన ఏళ్లల్లో మామ ఎప్పుడూ ఏదో ఒక క్యాంపులో ఉండేవాడు. “ఆట ఆడు, మిగిలింది మేం చూసుకుంటం” అన్న పై అధికారులు ఒక్కొక్కరే రిటైర్ అయిపోయారు. ఆయన తర్వాత చేరినవాళ్లు ఆయనకు ఆఫీసర్లు అయ్యారు. కప్పులు ఆఫీసు అద్దాల బీరువాలో ఉండేవి, మామ ఆ పక్కన ఫైళ్ల గదిలో ఉండేవాడు. చాలా ఏళ్లు మ్యాచ్ చూడటానికి కూడా పోలేదు. నేను అడిగితే, “లేపేటోడు లేవకపోతే ఎట్లుంటదో నాకు ఎరికైందిరా” అన్నాడు. ఆ ఒక్కసారే అన్నాడు, మళ్లీ ఎన్నడూ అనలేదు.

ఆ రోజుల్లో ఆయన గౌరవంగా చెప్పుకునే పేరు ఇంకొకటి ఉంది, పి.వి. రమణ గారు. 1986 సియోల్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన భారత వాలీబాల్ జట్టులో ఆయన సభ్యుడు. 2000లో అర్జున అవార్డు వచ్చింది. ఆయన భార్య విజయ గారూ వాలీబాల్ క్రీడాకారిణే. రమణ గారు రైల్వే ఉద్యోగి. కూతురు బ్యాడ్మింటన్ ఎంచుకుంటే, తన ఆట కాదుగదా అనుకోలేదు. ఉద్యోగానికి సెలవు పెట్టి మరీ ఆ అమ్మాయి శిక్షణ వెంట నిలబడ్డారు. ఆ అమ్మాయి పి.వి. సింధు. 2016 రియో ఒలింపిక్స్‌లో రజతం, 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో కాంస్యం. రియో ఫైనల్ రోజు మామ టీవీ ముందు కూర్చొని సింధు ఆటను ఎంత చూశాడో, వాళ్ల నాన్న గురించి అంత మాట్లాడాడు. “ఆట అయిపోయినంక ఏం జెయ్యాల్నో ఆయనకు తెలిసింది” అన్నాడు.

మామకు కూడా తెలిసింది, కొంచెం ఆలస్యంగా. 2012లో రిటైర్ అయి హాలియాకు వచ్చేశాడు. ఒక సాయంత్రం మన గ్రౌండ్ పక్క నుంచి పోతుంటే ఆడపిల్లలు నలుగురు బంతి ఆడుతున్నారు. అందులో ఒక అమ్మాయి వేళ్లు బిగబట్టి లేపుతుంటే చూడలేక లోపలికి పోయాడు. “బిడ్డా, వేళ్లు గట్టిగ కాదు, గిన్నె పట్టినట్టు పెట్టు” అన్నాడట. ఆ రోజు నుంచి ఆయన సాయంత్రాలు గ్రౌండ్‌లోనే. కుర్చీలో కూర్చొని, చేతికర్రతో గీతలు చూపిస్తూ నేర్పుతాడు. ఆయన దగ్గర ఆడిన ఒక అమ్మాయి ఇప్పుడు పోలీసు కానిస్టేబుల్. ఇంకొక అమ్మాయి వ్యాయామ ఉపాధ్యాయురాలు.

అయితే మామ దగ్గర ఒక నియమం ఉంది. పుస్తకాల సంచి లేకుండా గ్రౌండ్‌కు వస్తే బంతి ఇవ్వడు. ఆట అయ్యాక అరగంట అక్కడే కూర్చొని హోంవర్క్ చేయాలి. “ఆడుండ్రి, గని పరీక్ష పాస్ కాండ్రి. మోకాలు పన్నెండేండ్లు మోస్తది, చదువు సచ్చేదాక మోస్తది” అంటాడు. ఆట గురించి తియ్యటి మాటలే చెప్పి పిల్లలను పంపడం ఆయనకు ఇష్టం లేదు. ఆట ఏమిచ్చిందో, ఏం తీసుకుందో రెండూ చెబుతాడు.

ఇప్పుడు కాలం మారింది. 2022 ఫిబ్రవరిలో ప్రైమ్ వాలీబాల్ లీగ్ మన హైదరాబాద్‌లోనే మొదలైంది. ఆటకే డబ్బు ఇచ్చే రోజు వాలీబాల్‌కూ వచ్చింది. కానీ ఆ లీగ్ దాకా పోయేది వేలల్లో ఒకరు. మిగిలినవాళ్ల సంగతి ఏమిటన్నది బడి చూసుకోవాలి, మనం చూసుకోవాలి.

స్వర్ణోత్సవ గుర్తుగా ఏదైనా చేయాలని మన సంఘం నిధి పోగుచేస్తున్నది. కమాను కట్టాలని కొందరు అంటున్నారు, మంచిదే. నా మనవి మాత్రం వేరు. గ్రౌండ్‌లో పద్దెనిమిది మీటర్ల పొడవు, తొమ్మిది మీటర్ల వెడల్పుతో, చుట్టూ పరుగెత్తే జాగా వదిలి, సరైన కోర్టు ఒకటి వేద్దాం. రెండు ఇనుప స్తంభాలు, మంచి వల, డజను బంతులు కొందాం. కోర్టు పక్కన రేకుల కింద లైట్లు పెట్టి నాలుగు బెంచీలు వేద్దాం, ఆట అయ్యాక పిల్లలు చదువుకోవడానికి. రిటైరైన మన సార్లు, టీచరమ్మలు వారానికి ఒక్క సాయంత్రం అక్కడికి వచ్చి లెక్కలో, ఇంగ్లీషో చూస్తే చాలు. కోర్టు సంగతి మామ చూసుకుంటానన్నాడు. నా వంతుగా బెంచీల ఖర్చు నేను పెట్టుకుంటాను.

మామ ఈ సభలోనే వెనక వరుసలో ఉన్నాడు. వేదిక మెట్లు ఎక్కలేడు కాబట్టి సన్మానం వద్దన్నాడు. భోజనాల తర్వాత మీరే ఆయన దగ్గరికి పోయి, ఏ వారం మీకు వీలవుతుందో చెప్పండి. ఆయన దగ్గర ఒక నోటుబుక్కు ఉంది, రాసుకుంటాడు.