నెలనెలా వచ్చు మూత్రపు మంట

(గ్రామ మహిళా సంఘ సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



మూత్రము పోయునపుడు మంట పుట్టినచో "వేడి చేసినది" అనుకొనుట మన వాడుక. బార్లీ నీరో, మజ్జిగయో త్రాగి రెండు దినములు చూతుము. తగ్గనిచో మూత్రము పరీక్ష చేయించుకొని, సూక్ష్మజీవులున్నచో మందు పుచ్చుకొందుము. ఇంతవరకు సరియే. కాని పరీక్షలో దోషమేమియు కనబడకున్నను, ముట్టు దినములు వచ్చినప్పుడెల్ల మంట మరల వచ్చుచున్నచో దాని మూలము వేరొకటి కావచ్చును. ఆ సంగతి విన్నవించుటకే నేడు మీ ముందు నిలిచితిని.

గర్భాశయము లోపల మెత్తని పొర ఒకటి కలదు. అది నెలనెలా పెరిగి, గర్భము నిలువనిచో రక్తముతో వెలికి పోవును. అట్టి పొరను పోలిన కణజాలము గర్భాశయమునకు వెలుపల పెరుగుటయే ఎండోమెట్రియోసిస్ అను వ్యాధి. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారము ప్రసవ వయస్సులోని స్త్రీలలో నూటికి సుమారు 10 మందికి, అనగా ప్రపంచమున 19 కోట్ల మందికి ఇది కలదు. వారిలో కొద్దిమందికి మాత్రమే ఇది మూత్రాశయమునకు సోకును.

మూత్రాశయము గర్భాశయమునకు ముందువైపున ఆనుకొని యున్నది. ఈ కణజాలము దాని గోడలో నాటుకొన్నచో ముట్టు సమయమున అదియు ఉబ్బి వాచును. అందుచే మూత్రము నిండినకొలది పొత్తికడుపులో నొప్పి, పోయునపుడు మంట, మాటిమాటికి పోవలెనను తొందర కలుగును. కొందరికి మూత్రములో రక్తము కనబడును. కొందరికి ఈ బాధ నెల పొడవునను ఉండును. మూత్రపిండమునుండి మూత్రమును తెచ్చు నాళమునకు ఇది సోకినచో అపాయము మరింత హెచ్చు. నాళము ఇరుకై, పెద్దనొప్పి తెలియకుండగనే మూత్రపిండము చెడిపోవచ్చును.

కావున చేయవలసినదేమి? గోడనున్న క్యాలెండరుపై ముట్టు వచ్చిన దినమున ఒక గుర్తు, మంట గాని నొప్పి గాని కలిగిన దినమున వేరొక గుర్తు పెట్టుడు. రెండు మూడు నెలలు ఆ గుర్తులు కలిసి వచ్చినచో క్యాలెండరును వెంటగొని ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పొండు. నోట చెప్పుటకు సిగ్గు కలిగినను ఆ గుర్తులే వైద్యునకు సంగతి తెలుపును. జ్వరము వచ్చినను, మూత్రములో రక్తము కనబడినను నెలలు లెక్కింపక వెంటనే పొండు. వైద్యుని సలహా లేక మంటకు మాత్రలు కొని మ్రింగకుడు.

అవసరమైనచో అచటివారు మిమ్ము పెద్ద ఆసుపత్రిలోని స్త్రీవైద్య నిపుణుల కడకు పంపుదురు. స్కానింగు చేసి, కావలసినచో సన్నని గొట్టముతో మూత్రాశయము లోపల చూచి, వారు వ్యాధిని నిర్ణయింతురు. కొందరికి హార్మోను మాత్రలతో బాధ అణగును. కొందరికి శస్త్రచికిత్స చేసి ఆ భాగమును తొలగింతురు. ఈ వ్యాధిని సమూలముగా పోగొట్టు మందు నేటికిని లేదు. అయినను బాధను అదుపులో నుంచుటకును, మూత్రపిండమును కాపాడుటకును మార్గము కలదు.

పురుషులకు ఒక మనవి. ఇంటి యిల్లాలు నెలనెలా బాధ చెప్పినపుడు "ఆడవారికి ఇది మామూలే" అని త్రోసివేయకుడు. ఆమెకు తోడుగా ఆసుపత్రికి నడువుడు. తల్లులారా, ముట్టు నొప్పి దాచుకొనవలసిన సంగతి కాదని మీ కుమార్తెలకు నేడే చెప్పుడు.