మార్చిలో ఇచ్చిన అర్జీ
(హైదరాబాదులో బస్తీ పెద్దలు, యువకుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

నగరపాలక సంస్థ వచ్చే సంవత్సరం ఏ పనులకు ప్రాధాన్యం ఇవ్వాలో, అందులో మన మాట ఎలా చేరాలో చెప్పమని మమ్మల్ని పిలిచారు. మేము పట్టణ ప్రణాళికా నిపుణులం కాము. ఉద్యోగజీవితమంతా ఇన్‌వర్డ్ రిజిస్టరు ముందు గడిపినవాళ్లం. ఆ బల్లకు అవతల కూర్చున్నప్పుడు కనిపించినదే ఇక్కడ చెబుతాం.

ఒక మార్చి నెలలో ఒక బస్తీ పెద్దలు నాలాకు అడ్డుగోడ కట్టించమని అర్జీ తెచ్చారు. దానిమీద నూటికి పైగా సంతకాలు, వేలిముద్రలు ఉన్నాయి. ముద్ర వేశాం, సంఖ్య వేశాం, రసీదు ఇచ్చాం. వారు సంతోషంగా వెళ్లిపోయారు. అప్పటికే ఆ యేటి పనుల జాబితా ముగిసిందని మాకు తెలుసు. ‘నిధుల లభ్యతను బట్టి పరిశీలించబడును’ అని రాసి దస్త్రం కట్టేశారు. నవంబరులో మళ్లీ రావాలని వారికి ఎవరూ చెప్పలేదు, మేమూ చెప్పలేదు. తరువాతి వానాకాలంలో ఆ ఇళ్లలోకి నీళ్లు వచ్చాయి. మేము అబద్ధమాడలేదు నిజమే, కానీ చెప్పవలసిన మాట చెప్పలేదు. అది ఈనాటికీ మమ్మల్ని వదలలేదు.

ఆ చెప్పని మాట ఇది. మన నగరానికి వర్తించే 1955 నాటి నగరపాలక సంస్థ చట్టం ప్రకారం కమిషనరు బడ్జెట్ ముసాయిదాను నవంబరు 10 లోగా స్థాయీ సంఘం ముందు ఉంచాలి. సర్వసభ్య సమావేశం ఫిబ్రవరి 20 లోగా దానిని ఆమోదించాలి. మార్చి తొలివారంలో అది ప్రభుత్వానికి చేరాలి. ఆచరణలో తేదీలు అటూ ఇటూ జరుగుతాయి, కానీ వరుస మారదు. ముసాయిదాకు ముందు వార్డు ఇంజినీరు తన అంచనాలు తయారుచేసుకుంటాడు. మన అర్జీ ఆ అంచనాల్లోకి చేరాలంటే సెప్టెంబరు, అక్టోబరు నెలల్లోనే ఆయన చేతిలో పడాలి. మనమేమో వాన పడినప్పుడు కోపంతోనూ, రంజాన్ దగ్గరపడినప్పుడు వీధిదీపాల కోసమూ వెళతాం.

ఇంకొక సంగతి. కొత్త పని అడిగేముందు పాత పనుల జాబితా చూడాలి. మంజూరై మొదలుకాని పనులు, సగంలో ఆగిన పనులు తరువాతి సంవత్సరపు డబ్బును ముందే తినేస్తాయి. ఒక్కోసారి మనం అడగబోయే పని రెండేళ్ల క్రితమే కాగితంమీద మంజూరై ఉంటుంది! 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల రుసుముతో దరఖాస్తు పెడితే 30 రోజుల్లో సమాధానం ఇవ్వాలి. ధర్నాకన్నా ముందు ఈ పది రూపాయలు ఖర్చుచేయండి.

ఇక ఏం అడగాలన్నది కష్టమైన ప్రశ్న. పోయిన నెల మన బస్తీలో కూర్చుని జాబితా రాశాం. మగవాళ్లం చెప్పినవి కమాను, షాదీఖానా, మస్జిద్ ముందు సిమెంటు రోడ్డు. తెర అవతల నుంచి ఒక చెల్లెమ్మ అడిగింది, “భాయ్‌సాబ్, నల్లా నీళ్లు రాత్రి రెండింటికి వస్తున్నాయి, అది రాశారా?” ఇంకొకరు నాలామీద పలకలు లేనిచోట పిల్లల్ని ఎత్తుకుని దాటుతున్నామన్నారు. బడినుంచి ఆడపిల్లలు వచ్చే సందులో దీపం లేదన్నారు. ఆ జాబితాను మేము చించి మళ్లీ రాశాం. కమాను లేకపోతే ఎవరి ప్రాణమూ పోదు. పలక లేకపోతే పోతుంది.

ఇరవై కోరికలు రాస్తే అధికారి తనకు సులువైన ఒకటి ఎంచుకుని మిగతావి మరచిపోతాడు. అందుకే మూడే రాద్దాం. ప్రతి పనికీ కొలత, స్థలం, లబ్ధి పొందే ఇళ్ల సంఖ్య రాద్దాం.

ఇది దయకోసం చేసే విన్నపం కాదు. 1993లో అమల్లోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ పురపాలక సంస్థలకు అప్పగించదగిన 18 అంశాలను పన్నెండవ షెడ్యూలులో చేర్చింది. మొదటిదే పట్టణ ప్రణాళిక. మురికివాడల మెరుగుదల, శ్మశానాలు కూడా అందులోనే ఉన్నాయి. మూడు లక్షలు, అంతకు మించి జనాభా గల పట్టణాల్లో వార్డు కమిటీలు ఉండాలని అదే సవరణ చెప్పింది. ముస్లింలు ఎక్కువగా నివసించే ప్రాంతాల్లో పౌర సౌకర్యాలు కొరవడ్డాయని 2006లో సచార్ కమిటీ తేల్చింది. అదే సంవత్సరం వచ్చిన ప్రధానమంత్రి 15 సూత్రాల కార్యక్రమంలో మైనారిటీల మురికివాడల మెరుగుదల ఒక సూత్రం. దీనిని అర్జీలో ఒక వాక్యంగా ఉదహరిస్తే చాలు, ఉపన్యాసం అవసరం లేదు.

ఖబ్రస్తాన్ సంగతి మాత్రం వేరు. స్థలం నిండిపోయాక కొత్త స్థలం యేటి బడ్జెట్‌లో దొరకదు. భూమి మాస్టర్ ప్లాన్‌లో కేటాయించబడాలి. ముసాయిదా ప్లాన్ వెలువడి అభ్యంతరాలు కోరినప్పుడు రాతపూర్వకంగా అడగనివారికి తరువాత దారి చాలా ఇరుకవుతుంది. రోడ్డు వెడల్పు గీతలూ అక్కడే ఉంటాయి. మన ఇంటి గోడమీద ఎర్రరంగు గుర్తు పడేదాకా ఆ పటం మనం చూడం.

ఈ ఆదివారం ఫజ్ర్ తరువాత నాలా వెంట నడిచి పలకలు లేని చోట్లు కొలుద్దాం. టేపు మేము తెస్తాం. రాసుకోవడానికి ఇంటర్ చదివే ఇద్దరు ఆడపిల్లలు పేర్లిచ్చారు, మగపిల్లలు ఇంకా ఇవ్వలేదు.