భూప్రదక్షిణము: ఒక్క టిక్కెట్టా, మజిలీకొక టిక్కెట్టా?

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు గావింపబడిన ఉపన్యాసము)



భూప్రదక్షిణమను మాట పురాణశ్రవణము చేయు ఈ సభకు క్రొత్తది కాదు. గణాధిపత్యమునకై కుమారస్వామి నెమలి నెక్కి లోకమును చుట్టిరాగా, విఘ్నేశ్వరుడు తల్లిదండ్రులకు ప్రదక్షిణము చేసి ఆ ఫలమును బడసెనను కథ పసిబిడ్డలకు సైతము తెలియును. ఈ కాలమున ఆ కథ తలక్రిందయినది. బిడ్డలు దేశదేశముల స్థిరపడగా, వారిని చూచుటకు తల్లిదండ్రులే భూమిని చుట్టిరావలసి వచ్చుచున్నది. కుమార్తె అమెరికాలోను, కుమారుడు ఆస్ట్రేలియాలోను ఉన్న కుటుంబములు నేడు తెలుగునాట అరుదు కావు.

అట్టి దంపతులు కూతునొద్ద కొంతకాలము, కుమారునొద్ద కొంతకాలము గడిపి ఇల్లు చేరదలచిరనుకొందురుగాక. భూమి నంతటిని చుట్టివచ్చుటకు విమానసంస్థలవారు అమ్ము ఒకే టిక్కెట్టును ముందుగా కొనుట మేలా? లేక, పూర్వపు యాత్రికుడు ఊరూర బండి మాట్లాడుకొన్నట్లు, ఏ మజిలీకి ఆ మజిలీ టిక్కెట్టు కొనుచు సాగుట మేలా? ఇది కేవలము రూపాయల లెక్క కాదు. అరువదియేండ్లు దాటినవారు భాష తెలియని విమానాశ్రయమున అర్ధరాత్రివేళ నిలిచిపోయినప్పుడు వారి భారము నెవరు వహింతురనునదే అసలు ప్రశ్న.

ఈ తగవు విమానములకంటె పాతది. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే నెలలో చెన్నపట్టణము విడిచి, కాశికి పోయి, 1831 సెప్టెంబరులో తిరిగివచ్చిరి. పరివారముతో, డేరాలతో సాగిన ఆ ప్రయాణమున ఏర్పాట్లన్నియు దారిపొడవున చేసికొనినవే. ఇంగ్లండులో థామస్ కుక్ 1872లో కొందరు యాత్రికులను వెంటబెట్టుకొని ఇంచుమించు 222 దినములలో భూమిని చుట్టివచ్చి, దారియంతయు ముందే కుదిర్చిన యాత్రకు త్రోవ చూపెను. ఆ కాలముననే ఫ్రెంచి రచయిత జూల్స్ వెర్న్ ఎనుబది దినముల భూప్రదక్షిణపు నవల వ్రాసెను. అందలి కథానాయకుడు సంచినిండ నోట్లు పట్టుకొని బయలుదేరి, మన దేశమున రైలుమార్గము నడుమ తెగిపోయియుండగా రెండువేల పౌన్లు పెట్టి ఏనుగునే కొనెను. మజిలీ ప్రయాణపు స్వేచ్ఛయు, దాని ఖరీదును ఆ ఒక్క ఏనుగు చెప్పుచున్నది.

కథ నటుంచి నిజమును చూతము. 1889 నవంబరు 14వ తేదీన న్యూయార్కు ప్రాంతమునుండి ఇరువురు స్త్రీలు పత్రికల పక్షమున భూప్రదక్షిణమునకు బయలుదేరిరి. నెల్లీ బ్లై తూర్పుగా, ఎలిజబెత్ బిస్లాండ్ పడమరగా పోయిరి. బ్లై కొలంబోలో ఓడకై అయిదు దినములు నిలిచిపోయినను, అమెరికా చేరినపిమ్మట ఆమెకొరకు పత్రికవారు ప్రత్యేకముగా రైలు నేర్పరచిరి. ఆమె 72 దినములలో గమ్యము చేరెను. బిస్లాండునకు ఇంగ్లండులో అందవలసిన వేగపు ఓడ అందలేదు. మందగమనపు ఓడ నెక్కి 76 దినములకు చేరెను. ఇరువురికిని దారిలో ఆటంకము కలిగెను. కాని ఒకరికి ఆటంకమును పూడ్చువారుండిరి, రెండవవారికి లేకుండిరి. నేటి విమానయాత్రికుడు మరువరాని పాఠమిది.

విమానయుగమున 1947 జూన్‌లో పాన్ అమెరికన్ సంస్థ భూమిని చుట్టు సర్వీసును ప్రారంభించెను. ఆ సంస్థ 1991లో మూతబడినది. ఇప్పుడు పలు సంస్థలు కూటములుగా నేర్పడి ఇట్టి టిక్కెట్లను అమ్ముచున్నవి. అందు స్టార్ అలయన్స్ 1997లోను, వన్‌వరల్డ్ 1999లోను పుట్టినవి. మన ఎయిర్ ఇండియా 2014 జూలైలో స్టార్ అలయన్స్‌లో చేరినది. తెలుగువారు విరివిగా నెక్కు ఎమిరేట్స్ ఏ కూటమిలోను లేదు. కావున దుబాయి మీదుగా పోవు ఆ విమానము ఈ టిక్కెట్టు క్రిందికి రాదు.

ఈ టిక్కెట్టు షరతులు భూమి పట్టాలోని హద్దులవంటివి. చదువక సంతకము చేయరాదు. ప్రయాణము తూర్పుగానో పడమరగానో ఒకే దిక్కున సాగవలెను. అట్లాంటిక్, పసిఫిక్ మహాసముద్రములు రెండింటిని దాటవలెను. బయలుదేరిన దేశముననే ముగింపవలెను. మొదటి విమాన మెక్కిన దినమునుండి ఏడాదిలోపల యాత్ర పూర్తికావలెను. మొత్తము విమానములు పదునారు మించరాదు. వెల కట్టుట యందు రెండు పద్ధతులు గలవు. ఒకటి మైళ్ల లెక్క; మరియొకటి అడుగుపెట్టిన ఖండముల లెక్క. స్టార్ అలయన్స్‌వారు మైళ్ల లెక్కకు పెట్టిన మెట్లు 29,000, 34,000, 39,000. ఇందొక మెలిక యున్నది. ఒక ఊర దిగి రైలులోనో కారులోనో మరియొక ఊరు చేరి అచట విమానమెక్కినను, ఆ నడిమి దూరము కూడ లెక్కలో పడును.

ఒక దారిని కొలిచి చూతము. హైదరాబాదునుండి ఫ్రాంక్‌ఫర్టు 4,400 మైళ్లు. అచటినుండి న్యూయార్కు 3,850. న్యూయార్కునుండి శాన్‌ఫ్రాన్సిస్కో 2,600. అచటినుండి పసిఫిక్ దాటి సిడ్నీ 7,400. సిడ్నీనుండి సింగపూరు 3,900. సింగపూరునుండి హైదరాబాదు 2,050. ఇవి ఉజ్జాయింపు లెక్కలు. మొత్తము ఇంచుమించు 24,200 మైళ్లు. విషువద్రేఖ వెంబడి భూమి చుట్టుకొలత 24,900 మైళ్లు గదా! కావున ఈ యాత్ర మొదటి మెట్టులోనే యిమిడిపోవును; దారిలో మరి రెండు ఊళ్లు చూచుటకు కూడ చోటుండును.

ఇట్టి దారి ముందే తేలియున్నచో ఒక్క టిక్కెట్టునకు మూడు గుణములు గలవు. ఒక విమానము ఆలస్యమై దాని వెనువెంట నెక్కవలసిన విమానము తప్పినచో, మరియొక దానిలో నెక్కించు బాధ్యత సంస్థలదే. సామాను సాధారణముగా నడుమ విమానము మారుచోట తీసికొనకయే ముందుకు పోవును. అమెరికాలో మాత్రము మొదట దిగిన చోటనే తీసికొని మరల అప్పగింపవలెను. ఖాళీలున్నచో దారి మార్చకుండ తేదీలు మార్చుకొనుటకు సాధారణముగా వీలుండును. పూర్తి సేవలు గల సంస్థలలో సముద్రములు దాటించు ఒకవైపు టిక్కెట్టు రానుపోను టిక్కెట్టులో సగముకంటె మిక్కిలి ప్రియముగా నుండుట కలదు. అందుచేత పొడుగు మజిలీలు విడివిడిగా కొన్నవారు ఒక్కొక్కప్పుడు రెండింతలు చెల్లించెదరు.

దోషములును గలవు. టిక్కెట్టులోని విమానములను వరుసగానే ఎక్కవలెను. నడుమ ఒకటి ఎక్కక మానినచో, మిగిలినవన్నియు రద్దగును. సీట్లు ఇంచుమించు పదునొకండు నెలలకు మించి ముందుగా దొరకవు. కావున దీర్ఘయాత్రలో కడపటి తేదీని మొదట ఊహించి వేసి, తరువాత సవరించుకొనవలెను. దారి మార్చినచో రుసుము తప్పదు. అన్నిటికంటె ముఖ్యమైనది ఏడాది గడువు. కూతునకు పురుడు పోయుటకు పోవు తల్లి శిశువు జననమునకు ముహూర్తము పెట్టలేదు. అమెరికాలో సందర్శకుల నుండనిచ్చు కాలము సాధారణముగా ఆరు నెలలు. అచట ఆరు నెలలు, కుమారునొద్ద ఆరు నెలలు అని లెక్క వేసినచో దారిదినములతో ఏడాది నిండి టిక్కెట్టు మురిగిపోవును.

మజిలీకొక టిక్కెట్టు కొనువానికి ఈ బంధములు లేవు. మనసైన చోట నిలువవచ్చును. ధర తగ్గినప్పుడు కొనవచ్చును. సింగపూరు, బాంకాకు వంటి చోట్లకు నడచు చౌక విమానములలో నెక్కవచ్చును. ఒక్క సంచితో తిరుగు యువకునకు ఇది తగిన మార్గము. అయితే, ఒక టిక్కెట్టుపై వచ్చిన విమానము ఆలస్యమైనచో, వేరు టిక్కెట్టు అమ్మిన సంస్థకు దానితో ప్రమేయము లేదు. రెండవ టిక్కెట్టు పైకము పోయినట్లే. సామాను తీసికొని మరల అప్పగించుటకు ఆ దేశములో ప్రవేశింపవలెను. ప్రవేశమునకు వీసా కావలెను. అమెరికాలోనైతే విమానము మారుటకు మాత్రమే దిగినను భారతీయులకు వీసా కావలసియుండును. చౌకలో కొన్న రెండు టిక్కెట్ల నడుమ ఉన్న ఈ గోతిని వెల పట్టీ చూపదు.

ప్రవరుని కథ ఇచట స్మరణీయము. సిద్ధుడిచ్చిన పాదలేపనముతో ఆయన క్షణములో హిమాలయము చేరెను. మంచునకు లేపము కరగిపోగా ఇల్లు చేరు దారి లేక పడిన పాట్లు మనుచరిత్ర చదివినవా రెరుగుదురు. పోవుటకు సాధనముండి వచ్చుటకు లేనివాని స్థితి అదియే. తిరుగు టిక్కెట్టు లేక దిగిన సందర్శకుని పరదేశపు అధికారి శంకించుటయు కద్దు. 2019 ఏప్రిల్ 17న జెట్ ఎయిర్‌వేస్ సర్వీసులు నిలిచిపోగా ఆ టిక్కెట్లు చేతనున్నవారు చిక్కులపాలయిరి. 2020 మార్చిలో మహమ్మారి వలన మన దేశమునకు అంతర్జాతీయ విమానములే ఆగిపోగా, బిడ్డల చూడబోయిన తల్లిదండ్రులు నెలలతరబడి అచటనే యుండవలసి వచ్చెను. అట్టి ఉపద్రవమును ఏ టిక్కెట్టును ఆపలేదు. ఇల్లు చేరుటకు చాలిన పైకము కదలింపక వేరుగా నుంచినవాడే ధైర్యముగా నుండగలడు.

తేదీల లెక్కలో మరియొక జాగ్రత్త. శాన్‌ఫ్రాన్సిస్కోలో సోమవారము రాత్రి బయలుదేరినవారు సిడ్నీలో బుధవారము ఉదయము దిగుదురు. నడిమి మంగళవారము తేదీరేఖవద్ద లోపించును. తిథిక్షయ మెరిగిన పెద్దలకు ఇది వింత కాదు. కాని మజిలీ టిక్కెట్లు కొనువారు ఈ లోపము మరచి, మరునాటి విమానమునకు తప్పు తేదీ వేయుట జరుగును.

కావున నిర్ణయమునకు ముందు మూడు ప్రశ్నలు వేసికొనవలెను. రెండు మహాసముద్రములును దాటవలసియున్నదా? లేనిచో భూప్రదక్షిణ టిక్కెట్టు ప్రసక్తియే లేదు. దారి, కాలము ఏడాదిలో ఇముడునట్లు తేలినవా? దారిలో ఒక కొక్కెము ఊడినచో దానిని తిరిగి తగిలించుకొను ఓపిక, భాష, పైకము ప్రయాణికునకు గలవా?

మూడింటికి వచ్చు సమాధానములను బట్టి మార్గము తేలును. దారి, కాలము తేలిన వృద్ధదంపతులకు ఒక్క టిక్కెట్టు మేలు. నాలుగు రూపాయలు ఎక్కువైనను అది బాధ్యత వహించువానికి ఇచ్చిన కూలి. పురుడో, చదువో, వైద్యమో కారణముగా కాలము తేలనివారు అమెరికాకు ఒక రానుపోను టిక్కెట్టు, ఆస్ట్రేలియాకు ఒక రానుపోను టిక్కెట్టు కొని, నడుమ ఇంటికి వచ్చి విశ్రమించుట మంచిది. మిగిలినవారికి మధ్యేమార్గము గలదు. సముద్రములు దాటించు పొడుగు మజిలీలను, ఇల్లు చేర్చు మజిలీని ముందే గట్టిచేసికొని, దేశములోపలి చిన్న మజిలీలను అచటనే కొనవచ్చును. న్యూయార్కులో దిగి శాన్‌ఫ్రాన్సిస్కోనుండి మరలునట్లు ఒకే టిక్కెట్టు తీసికొనవచ్చును. ఎట్లు కొన్నను రెండు వేరు టిక్కెట్ల నడుమ ఒక పూర్తి దినము విడువవలెను. టిక్కెట్టు సంఖ్యలు, వీసా గడువులు, బిడ్డల టెలిఫోను సంఖ్యలు ఒక కాగితముపై పెద్ద అక్షరములతో వ్రాసి చేతిసంచిలో నుంచుకొనవలెను. ధరలు, షరతులు మారుచుండును. పైకము చెల్లించు దినమున అవి మరల చదివింపవలెను.

బిడ్డలు టిక్కెట్టు పంపినప్పుడు తల్లిదండ్రులు వెల ఎంతయని అడుగుదురు. నడుమ ఒకటి తప్పినచో తరువాతి విమానమెక్కించువా రెవరు అని కూడ అడుగవలెను. ఆ ప్రశ్న నడుగగలిగిన తెలివిడి గ్రామమున పెరుగుటయే గ్రంథాలయమునకు ఫలము. ఇరువదియైదేండ్లు నిండిన ఈ గ్రంథాలయము నూరేండ్లు వర్ధిల్లుగాక!