రాయి లేని కోవెల

పారిస్‌కు తూర్పున లె రేన్సీ అని ఓ ఊరుంది. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక, అమరులైన సైనికుల స్మృతికి అక్కడి కథోలిక విచారణవారు పెద్ద గుడి కట్టాలనుకున్నారు. చేతిలో డబ్బు అంతంతే. రాతి కట్టడం ఊసెత్తే వీల్లేదు.

వాస్తుశిల్పి ఆగస్ట్ పెరే, తమ్ముడు గుస్తావ్ కాంక్రీటుతో ముందుకొచ్చారు. 1922లో పని మొదలై, 1923కల్లా గుడి నిలబడింది!

గుడి లోపలి స్తంభాలను దగ్గరికెళ్లి చూడాలి. దాదాపు 11 మీటర్ల ఎత్తు, రెండు చేతుల్లో ఇమిడేంత సన్నదనం. ఒంటినిండా నిలువు గాడులు. అవి ఉలి చెక్కినవి కావు, పోత పోసిన చెక్క అచ్చు విడిచినవి. పైన పూతా లేదు, మెరుగూ లేదు. కప్పు బరువు వీటిదే కాబట్టి గోడలకు మోసే పనే లేదు. అందుకే గోడల నిండా కాంక్రీటు జాలీలు, జాలీల నిండా రంగు గాజులు. చిత్రకారుడు మొరిస్ దెని గీసిన బొమ్మలను గాజులోకి దించింది మార్గరీత్ ఉరే. ఆ పనితనానికి చేతులెత్తి మొక్కాలి. ఒక కిటికీ 1914 నాటి మార్న్ యుద్ధాన్ని తలపిస్తుంది.

కాలం గడిచేకొద్దీ కాంక్రీటు దెబ్బతింది. 1966లో చారిత్రక కట్టడంగా గుర్తించారు, తర్వాత మరమ్మతులూ చేశారు. ఇప్పటికీ అది ఆ ఊరి విచారణ గుడే.