మొదటి రోజు జవాబు

ఈ ఉక్కపోతలో నల్ల గౌన్లు తొడుక్కుని ఓపిగ్గా కూర్చున్న వ్యవసాయ పట్టభద్రులకు అభినందనలు.

స్నాతకోత్సవానికి పిలిచిన మనిషి మామూలుగా రేపటి గురించి మాట్లాడతాడు. దేశమంతా మీవైపే చూస్తోందంటాడు. నేను మిమ్మల్ని ఒకసారి వెనక్కి చూడమంటాను, అది కూడా కాస్త అనుమానంగా. నాలుగేళ్లలో ఏం నేర్చుకున్నారని ఎవరైనా అడిగితే మీరు గుక్కతిప్పుకోకుండా సిలబస్ అప్పజెబుతారు. అది మీకు చెప్పిన పాఠాల పట్టిక. అందులో మీకు వంటబట్టింది ఎంతో ఆ పట్టిక చెప్పదు. మార్కుల జాబితా కూడా సగమే చెబుతుంది. మిగతా సగం తెలియాలంటే, పాఠం వినకముందు అదే ప్రశ్నకు మీరు ఏమని జవాబిచ్చారో తెలియాలి.

ఈ కిటుకును మన తరగతి గదుల కన్నా, రైతులకు చేలోనే నడిపే పొలంబడి బాగా పట్టుకుంది. పొలంబడి పుట్టుక మీకు పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న. అసలు కథ అంతకన్నా బాగుంటుంది. ఇండొనేషియాలో వరికి సుడిదోమ పట్టి పొలాలు సుడులు సుడులుగా ఎండిపోయేవి. రైతులు మందు కొట్టేవారు, దోమ ఇంకా పెరిగేది. కారణం కీటక శాస్త్రవేత్తలు తేల్చారు. దోమ గుడ్లు ఆకు తొడుగు లోపల ఉంటాయి, మందు అక్కడికి చేరదు. పైన తిరిగే సాలీళ్లూ, ఆ గుడ్లను తినే మిరిడ్ నల్లులూ మాత్రం ముందు చచ్చిపోతాయి. ఇక దోమకు అడ్డేముంది? 1986లో అక్కడి ప్రభుత్వం వరిపై 57 రకాల పురుగుమందులను నిషేధించింది. మందుకు బదులు చేనును గమనించడం రైతులకు అలవాటు చేయడానికి 1989లో పొలంబడులు మొదలయ్యాయి. తర్వాత అవి మన రాష్ట్రాలకూ వచ్చాయి.

పొలంబడిలో బోర్డు మీద ముందే రాసిపెట్టిన పాఠం ఉండదు. వారం వారం రైతులు చేలోకి దిగుతారు, దుబ్బు మొదలు దాకా వంగి చూస్తారు, చూసింది పెద్ద కాగితం మీద బొమ్మ గీస్తారు. ‘ఇదేం పురుగు సార్’ అని అడిగితే ‘ఎక్కడ కనపడింది? ఏం చేస్తోంది?’ అని ఎదురు ప్రశ్న వస్తుంది. కొత్తవాళ్లకు ఒళ్లు మండుతుంది, న్యాయమే. ఆకుముడత పురుగుకు భయపడే రైతు చేతికే కత్తెర ఇచ్చి, పిలక దశలో కొన్ని దుబ్బుల ఆకులు కత్తిరించమంటారు. కోత నాడు ఆయనే గింజలు తూచి, దిగుబడి తగ్గిందో లేదో చూసుకుంటాడు.

నేను చెప్పదలచింది వీటన్నిటికన్నా చిన్న సంగతి. పంట కాలం మొదట్లో ఒక బ్యాలెట్ పెట్టె పరీక్ష పెడతారు. గట్టు మీద కర్రలు పాతి, వాటికి అట్టలు కడతారు. ఒక అట్ట దగ్గర మొవ్వు చచ్చిన పిలక కట్టి ఉంటుంది, ఇంకో అట్ట దగ్గర గాజు సీసాలో సాలీడు. ప్రతిదాని కిందా ఒక ప్రశ్న, మూడు జవాబులు, మూడు పెట్టెలు. రైతు తన చీటీని నచ్చిన పెట్టెలో వేస్తాడు. కాలం చివర మళ్లీ అలాంటి పరీక్షే పెడతారు. మొదట్లో సాలీడును చూసి ‘మందు కొట్టాలి’ అన్న పెట్టెలో చీటీ వేసిన మనిషి, చివర్లో ఆ పెట్టె వైపు కూడా వెళ్లడు. మొదటి చీటీ చూపిస్తే తప్ప తను అలా అన్నానని ఒప్పుకోడు కూడా.

ఇది రైతుల మొండితనం అనుకోకండి. 1972లో అమెరికా అధ్యక్షుడు నిక్సన్ చైనాకూ, సోవియట్ యూనియన్‌కూ వెళ్లే ముందు బరూక్ ఫిష్‌హాఫ్, రూత్ బేత్ అనే పరిశోధకులు ఇజ్రాయెల్ విద్యార్థులను అడిగారు: ఈ పర్యటనల్లో ఫలానావి జరిగే అవకాశం ఎంత? పర్యటనలు అయిపోయాక, అప్పుడు మీరు వేసిన అంచనా ఎంతో గుర్తు తెచ్చుకోమన్నారు. జరిగిందని తెలిసిన వాటి విషయంలో, తాము మొదట చెప్పినదానికన్నా ఎక్కువే చెప్పామని చాలామంది అనుకున్నారు. 1975లో అచ్చయిన ఆ పరిశోధన చదివాక ‘నాకు ముందే తెలుసు’ అనే మాటను ఎవరి నోట విన్నా, నాకు సగమే నమ్మబుద్ధేస్తుంది. నేర్చుకున్నది, నేర్చుకోకముందు ఉన్నదాన్ని చెరిపేస్తుంది. అందుకే కోర్సు చివర ‘నేనేం నేర్చుకున్నాను’ అని ఒట్టి జ్ఞాపకం మీద రాసే వ్యాసం ఎప్పుడూ కాస్త అబద్ధమే. చార్లెస్ డార్విన్‌కు ఈ అనుమానం తన మీద తనకే ఉండేది. తన సిద్ధాంతానికి అడ్డుపడే సంగతి కంటపడితే అప్పటికప్పుడే రాసుకునేవాణ్నని, అలాంటివే త్వరగా మరపునపడతాయని ఆత్మకథలో చెప్పుకున్నాడు.

మీకు మాత్రం సాక్ష్యం ఉంది. ఊళ్లో రైతుల మధ్య ఉండి రాసిన రావెప్ రికార్డుల మాట ఎత్తను. ఎవరిది చూసి ఎవరు రాశారో ఇక్కడ ముందు వరుసలో ఉన్న ఆచార్యులందరికీ తెలుసు. నేను చెప్పేది మీ కీటకాల పెట్టె గురించి. థర్మోకోల్ పరిచి, సూదులు గుచ్చి, మూలన కలరా ఉండ పెట్టి, కింద ఊరూ తేదీ రాసిన ఆ పెట్టె. ఏ కాలేజీలో చూసినా అందులో అవే ఉంటాయి: సీతాకోకచిలుకలు, తూనీగలు, మిడతలు, మెరిసే పెంకుపురుగులు. వలకు చిక్కేవి, రంగున్నవి, దూరం నుంచి కనబడేవి. కాండం తొలిచే పురుగు గుడ్డులో తన గుడ్డు పెట్టే ట్రైకోగ్రామా లాంటి చిన్న కందిరీగ ఉండదు. దుబ్బు మొదట్లో దాక్కునే సుడిదోమ ఎప్పుడో గాని ఉండదు. సాలీడు కీటకం కాదు కాబట్టి దానికి అందులో చోటే లేదు. ఆ రోజు మీ కళ్లు ఎంతవరకు చూడగలిగాయో ఆ పెట్టె చూస్తే తెలుస్తుంది. మూడేళ్ల తర్వాత, వరిలో ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట ఎందుకు తీయాలంటే, సుడిదోమ చేరకుండా దుబ్బు మొదళ్లకు గాలీ వెలుతురూ తగలాలని మీరు తడుముకోకుండా చెబుతున్నారు. పెట్టెలో తూనీగను గుచ్చిన చేతులే ఇప్పుడు దాన్ని మిత్రపురుగుల్లో లెక్కపెడుతున్నాయి. ఈ రెంటికీ మధ్య ఉన్న దూరమే మీ చదువు. దాన్ని ఏ గ్రేడూ కొలవలేదు.

కాబట్టి హాస్టల్ గది ఖాళీ చేసేటప్పుడు రికార్డులను కిలోల లెక్కన పాత కాగితాలవాడికి వేయకండి. మొదటి సంవత్సరం పుస్తకం ఒక్కటి ఉంచుకోండి. మీ జవాబు పక్కనే, ఇప్పుడైతే ఏమంటారో, మిమ్మల్ని మార్చిందెవరో రాయండి: ఒక మేడమ్ కావచ్చు, మీరు దిగిన ఊళ్లోని రైతు కావచ్చు, ఎండిపోయిన ఒక మడి కావచ్చు. నాలుగేళ్లలో ఏమీ మారని జవాబులుంటే వాటి దగ్గర ఎక్కువసేపు ఆగండి. అవి మొదటే సరైనవైనా అయ్యుండాలి, లేదా ఆ పాఠం మీ చెవిదాకా వచ్చి ఆగిపోయుండాలి.

రేపు రైతు సేవా కేంద్రంలో చేరినా, తెలంగాణలో విస్తరణాధికారి అయినా, బ్యాంకులో పంట రుణాలు చూసినా, విత్తనాల కంపెనీకి వెళ్లినా ఇదే పద్ధతి పనికొస్తుంది. చేలోకి దిగకముందు మీ అంచనా తేదీ వేసి రాయండి. గట్టెక్కాక, అసలు సంగతి ఏమిటో దాని కిందే రాయండి.

మీ కీటకాల పెట్టెలు డిపార్ట్‌మెంటు అల్మారాల్లోనే ఉన్నాయట. ఇవాళ సాయంత్రం దాకా తాళాలు తీసి ఉంచమని అడిగాను, సరేనన్నారు. మీ నాన్నగారో అమ్మగారో వ్యవసాయం చేసేవారైతే వాళ్లనూ వెంటబెట్టుకుని వెళ్లండి. పెట్టెలో ఏది లేదో మీకన్నా ముందు వాళ్లే చెబుతారు.